ఆలస్యముగా తెరచుకొన్న ద్వారము

ఇరాను దేశమునకు ఫుట్‌బాలు దక్షిణపు చమురు బావుల దారిని వచ్చినది. 1908లో మస్జిదె సులేమాను కొండలలో చమురు పడి, పిదప అబాదాను రేవున శుద్ధి కర్మాగారము వెలసిన మీదట, అచ్చట కొలువునకు వచ్చిన ఆంగ్లేయులు ప్రొద్దు వాలిన వేళ బంతి తన్నుచుండగా, గట్టున నిలిచి చూచిన పనివారి బిడ్డలు ఆ విద్యను కంటితోనే పట్టుకొనిరి. టెహరానులో విదేశీయులు నడపిన పాఠశాలలును, సైన్యమును దానిని చేరదీసినవి. 1942లో అబ్బాస్ ఎక్రామీ అను ఉపాధ్యాయుడు షాహీన్ అను సంఘమును స్థాపించి, తన కుఱ్ఱవాండ్రు మొదట శీలవంతులును, పిమ్మట చదువరులును, ఆపైని ఆటగాండ్రును కావలెనని నియమము పెట్టెను. ఆ సంఘము 1967లో మూతపడగా అందలి మేటి ఆటగాండ్రు కొలదికాలములోనే పెర్సెపోలిసు జట్టును చేరిరి. ఎఱ్ఱ చొక్కాల పెర్సెపోలిసునకును, 1979 విప్లవము తరువాత ఎస్తెగ్లాల్ అని పేరు మార్చుకొన్న నీలి చొక్కాల తాజ్ జట్టునకును నడుమ రగిలిన స్పర్ధ నేటికిని టెహరాను నగరమును రెండు పక్షములుగా చీల్చుచునే యున్నది.

1951లో ఢిల్లీలో జరిగిన ప్రథమ ఆసియా క్రీడల అంతిమ పోటీలో ఇరాను జట్టు భారత జట్టునకు ఎదురు నిలిచి, సాహూ మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో ఓడిపోయినది. ఆనాటి భారత జట్టును తీర్చిదిద్దిన గురువు మన హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీము అని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, తెలుగు పాఠకునకు ఈ కథ బొత్తిగా పరాయిది కాదని తోచును. ఆ తరువాతి కాలమున మనము దిగివచ్చిన మెట్లనే వారు ఎక్కిపోయిరి. 1968, 1972, 1976 సంవత్సరములలో వరుసగా మూడు పర్యాయములు ఆసియా కప్పు వారిదైనది. 1974 ఆసియా క్రీడలకై టెహరాను పడమటి అంచున లక్ష మంది కూర్చుండదగిన మహా క్రీడాంగణము లేచినది. 1978లో అర్జెంటీనాలో ప్రపంచ కప్పు ఆడి, స్కాట్లండు వంటి జట్టును 1-1గా నిలువరించిన గౌరవమును దక్కినది. ఇక ముందు నడచుటయే తరువాయి అని యందఱును ఎంచుచున్న సమయమున ద్వారము మూతపడినది.

1979 విప్లవముతో రాజరికము కూలెను. 1980లో ఇరాకుతో ఆరంభమైన యుద్ధము ఎనిమిదేండ్లు సాగి, ఒక తరము యువకులను సరిహద్దుల యిసుకలో కలిపివేసెను. దేశవ్యాప్తమైన లీగు ఆగిపోయినది. పేరుగాంచిన ఆటగాండ్రు కొందఱు పరదేశముల పాలైరి. 1982 ప్రపంచ కప్పు అర్హత పోటీలనుండి ఇరాను తానై తప్పుకొనెను. 1986 నాటి పోటీలలో స్వదేశపు ఆటలను తటస్థ భూమిపై ఆడవలెనన్న షరతును ఒల్లక బహిష్కృతమయ్యెను. ఒక క్రీడాకారుని యౌవనము పది పండ్రెండేండ్లకు మించనిది. కావున ఇట్టి ఎడబాటు రాజ్యములకు స్వల్పమైనదిగా కనుపట్టినను, ఆటగాని పాలిట అది సంపూర్ణ జీవితహరణమే. హుమాయూన్ బెహ్జాదీ, హుసేన్ కలానీ మొదలగు గోలుకొట్టు మొనగాండ్రకు వారసులు కావలసినవారు ఎందఱో లోకమునకు తెలియకయే వయస్సు మళ్ళిరి. ఇరానుకు నూఱు గోల్సుకు మించి కొట్టిన అలీ దాయీ కథను ఈ మూతపడిన ద్వారము నుండియే చదువవలెనని నా నమ్మకము; లేనిచో ఆయన గోల్స్ సంఖ్య ఒక అంకెగా మాత్రమే మిగులును.

ఆయన 1969 మార్చి 21వ తేదీన, పారసీకులకు సంవత్సరాదియగు నౌరోజు పర్వదినమున, వాయవ్యమునందలి అర్దబీలు పట్టణమున జన్మించెను. సబలాను పర్వతము నీడన, కఠినమైన శీతకాలముల నడుమ నుండు ఆ పట్టణమునందు ఇంటిభాష పారసీకము గాక అజర్బైజానీ తుర్కీ. సఫవీ వంశమునకు మూలపురుషుడగు షేక్ సఫీయొక్క సమాధి అచ్చటనే యున్నది. ఆ వంశపు రాజగు షా ఇస్మాయీలు పుట్టినదియు, మట్టియైనదియు ఆ నేలయందే. మన గోలకొండ కుతుబ్‌షాహీలు తమ మసీదులలో శుక్రవారపు ప్రసంగమున ఆ సఫవీ ప్రభువుల పేళ్ళను చదివించుచుండిరనియు, 1636లో షాజహాను ఒత్తిడికి లోబడి ఆ ఆచారమును విడిచిరనియు చరిత్ర చెప్పుచున్నది. ఇంతటి ప్రాచీన వైభవము గల ఊరు ఇరువదవ శతాబ్దమున రాజధానికి దూరమైన సామాన్య పట్టణమై యుండెను. విప్లవము వచ్చునాటికి దాయీ వయస్సు పదేండ్లకు చేరువ. యుద్ధము ముగియునాటికి పందొమ్మిది.

అట్టి కాలమున పుట్టిన బాలుడు ఆటను నమ్ముకొని బ్రతుకుట దుస్సాధ్యము. దాయీ టెహరానునందలి షరీఫ్ సాంకేతిక విశ్వవిద్యాలయమున ప్రవేశము పొంది, లోహపదార్థముల ఇంజనీరింగు చదివెను. ఆ విద్యాలయమున చోటు దొరకుట ఎంతటి కష్టమో ఇరాను తల్లిదండ్రులందఱెఱుగుదురు. స్వస్థలమున ఆడుచుండినవాడు రాజధానికి వచ్చి, టాక్సీ సంస్థవారి జట్టగు తాక్సీరానీ పక్షమునను, 1990 నుండి తెజారత్ బ్యాంకు పక్షమునను ఆడెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు కీర్తిని విన్న మనకు ఈ పద్ధతి కొత్తది కాదు: ఆటగానికి జీతము ఒక శాఖ యిచ్చును, ఆట ఆ శాఖ పేరిట సాగును. ఐరోపాలో ఇరువది రెండేండ్ల యువకుడు పెద్ద క్లబ్బులలో పండి ఆరితేరు వయస్సున, దాయీ ఒక బ్యాంకు జట్టులో గోల్స్ కొట్టుచు, ఒక ఇంజనీరు పట్టమునకు పరీక్షలు వ్రాయుచుండెను. షాహీన్ సంఘమునాడు ఎక్రామీ కోరిన చదువరియైన ఆటగాడు ఇట్లు, ఆ సంఘము లేని కాలమున, ఎవ్వరును నియమము విధింపకయే వెలసెను.

1993 జూన్ 6న టెహరానులో పాకిస్థానుతో జరిగిన పోటీలో ఆయన మొదటిసారిగా దేశపు చొక్కా తొడిగెను. అప్పటికి ఇరువది నాలుగేండ్లు. ఆ సంవత్సరమే అక్టోబరులో దోహాలో జరిగిన ప్రపంచ కప్పు అర్హత పోటీల చివరి అంకమున జపానుపై గోలు కొట్టి తన యునికిని చాటెను గాని, అలీ పర్వీను శిక్షణలోని ఇరాను జట్టు అర్హతను పొందలేకపోయెను. మరుసటి యేట పెర్సెపోలిసు ఆయనను చేర్చుకొనెను.

దాయీ పొడవు దాదాపు 192 సెంటీమీటర్లు. పొడవు గలవాడెల్ల తలతో గోలు కొట్టలేడు. మైదానపు అంచునుండి బంతి గాలిలోనికి లేచినప్పుడు గోలుముంగిట ఇరువురు ముగ్గురు రక్షకులు కమ్ముకొని యుందురు. బంతి ఎచ్చట దిగునో వారును లెక్కించుచునే యుందురు. వారికంటె అరక్షణము ముందుగా అడుగు తీయవలెను. మిక్కిలి ముందుగా ఎగిరినచో బంతి వచ్చునప్పటికి తాను దిగిపోవును, ఆలస్యించినచో రక్షకుని భుజము అడ్డుపడును. ఎగిరినవాడు మెడను వెనుకకు బిగబట్టి, నడుమునుండి పుట్టిన ఊపును నొసటికి తెచ్చి, బంతిని క్రిందికి, గోలుకీపరు చేతులకు దిగువగా, నేలవైపునకు కొట్టవలెను. కాలితో బంతిని లాలించుటలో దాయీకంటె నేర్పరులు ఆ జట్టులోనే యుండిరి. ఈ కళయందు మాత్రము ఆసియా ఖండమున ఆయనకు సాటి వచ్చువారు లేరు. మెహదీ మహదవీకియా కుడి అంచున పరుగెత్తి బంతిని వేయుటయు, దాయీ దానికై లేచుటయు ఇరాను జట్టుకు ఒక దశాబ్దికాలము ప్రధానాస్త్రమయ్యెను.

ఆ అస్త్రపు వాడి లోకమునకు తెలిసిన దినము 1996 డిసెంబరు 16. దుబాయిలో ఆసియా కప్పు క్వార్టరు ఫైనలు. ఎదుట దక్షిణ కొరియా. సగము ఆట ముగియునప్పటికి కొరియా 2-1 ఆధిక్యమున నుండెను. విరామానంతరము 52వ నిమిషమున ఖొదాదాద్ అజీజీ సమము చేయగా, అటుపిమ్మట 66, 76, 83, 89 నిమిషములలో వరుసగా నాలుగు గోల్స్ దాయీవే. 6-2. అంతవరకు నాలుగు ప్రపంచ కప్పులాడిన జట్టును ఒక గంటలోపల ఇట్లు నుగ్గు చేసిన ఘట్టము ఆసియా ఫుట్‌బాలున మఱియొకటి నాకు స్ఫురింపదు. కొరియా శిక్షకుడు పదవిని విడిచెను. సెమీఫైనలున సౌదీ అరేబియాతో పెనాల్టీలలో ఓడి ఇరాను మూడవ స్థానముతో తృప్తిపడినను, ఎనిమిది గోల్సుతో దాయీ ఆ పోటీల అగ్రగామియయ్యెను. అప్పటికి ఆయనకు ఇరువది యేడేండ్లు నిండినవి. ఐరోపాలో అడుగు పెట్టుటకు ఇంకను కొన్ని నెలలు మిగిలియుండెను.

ఇక 1997 శరత్కాలపు కథ. ప్రపంచ కప్పునకు సులభముగా చేరవలసిన ఇరాను తుదిదశలో తడబడి, మలేషియాలోని జొహోర్ బహ్రూలో జపానుతో తలపడవలసి వచ్చెను. ఆ యాటలో అజీజీయు, తలతో దాయీయు గోల్స్ కొట్టి 2-1 ఆధిక్యము నార్జించినను, జపాను సమము చేసి, అదనపు సమయపు చివరి నిమిషములలో మూడవ గోలుతో గెలిచెను. మిగిలినది ఒకే ద్వారము: ఆస్ట్రేలియాతో రెండాటలు. టెహరానులో 1-1. నవంబరు 29న మెల్బోర్నులో ఎనుబది యైదువేల ప్రేక్షకుల ఎదుట ఆస్ట్రేలియా రెండు గోల్స్ ముందునకు పోయెను. టెర్రీ వెనబుల్సు శిక్షణలోని ఆ జట్టు మఱి నాలుగైదు గోల్స్ కొట్టదగియుండెను. గోలుకీపరు అహ్మద్‌రెజా అబెద్‌జాదే ఒంటిచేతితో నిలిపెనన్నను అతిశయోక్తి కాదు. ఇంతలో ఒక ప్రేక్షకుడు మైదానమున జొరబడి ఇరాను గోలు వలను తెంపివేయగా, దానిని కట్టువరకు ఆట నిలిచెను. ఆ విరామము అలసిన ఇరానీయులకు ఊపిరి పోసినదని పలువురందురు. 75వ నిమిషమున కరీం బాగెరీ ఒక గోలు కొట్టెను. నాలుగు నిమిషములకే, నడిమైదానమున దొరికిన బంతిని దాయీ ఇరువురు రక్షకుల సందునుండి ముందునకు జార్పగా, అజీజీ పరుగున పోయి దానిని గోలులోనికి నెట్టెను. 2-2, పరాయి గడ్డపై కొట్టిన గోల్సుకు విలువ హెచ్చు గనుక ఇరాను ప్రపంచ కప్పునకు చేరెను. నూరు గోల్స్ దాటిన ఈ పురుషుని జీవితములో నాకు శిరోధార్యముగా తోచునది, లెక్కలోనికి రాని ఆ యొక్క అందింపు.

ఆ రాత్రి టెహరాను వీథులలో జనము పొంగిపొరలెను. విప్లవానంతరము అంతటి నిర్భయానందము బహిరంగముగా కనబడియుండలేదని చూచినవారు వ్రాసిరి. జట్టు తిరిగివచ్చి, మునుపు చెప్పిన మహా క్రీడాంగణమగు ఆజాదీలో హెలికాప్టరు దిగిన దినమున, స్త్రీలకు ప్రవేశము నిషిద్ధమైన ఆ ప్రాంగణపు ద్వారముల కడ వేలకొలది స్త్రీలు గుమిగూడి, పోలీసులను త్రోసిరాజని లోనికి చొచ్చుకొనిపోయిరి. వారు తలుపు తట్టిన విన్నపమునకు అధికారికముగా జవాబు వచ్చుటకు 2019 అక్టోబరు వరకు, అనగా ఇరువది రెండేండ్లు, పట్టినది. అదియును కంబోడియాతో జరిగిన ఆటకు, పరిమితమైన టిక్కెట్లతో. ఫుట్‌బాలు ఆ దేశమున ఏయే కోరికలకు భాషయైనదో తెలిసికొనుటకు ఈ రెండు తేదీలు చాలును.

1998 జూన్ 21న ఫ్రాన్సునందలి లియోన్ నగరమున ఇరాను అమెరికాను 2-1 తేడాతో ఓడించెను. ఆటకు ముందు ఇరానీ ఆటగాండ్రు తెల్లని గులాబీలను ప్రత్యర్థుల చేతికిచ్చి, ఉభయ జట్లవారును కలసి ఛాయాచిత్రము తీయించుకొనిరి. గోల్స్ కొట్టినవారు హమీద్ ఎస్తీలీయు మహదవీకియాయును. దాయీ ఆ ప్రపంచ కప్పునగాని, ఎనిమిదేండ్ల పిమ్మట ఆడిన మఱియొక ప్రపంచ కప్పునగాని, ఒక్క గోలైనను కొట్టలేదు. ఈ లోపమును దాచిపెట్టి ఆయన చరిత్ర వ్రాయరాదు.

ఆసియా కప్పు తరువాత కతారులో కొలదికాలమాడి, 1997లో బాగెరీతో కలసి జర్మనీలోని బీలెఫెల్డు జట్టును చేరిన దాయీని, ఆ జట్టు దిగువ శ్రేణికి జారిపోయినను, మరుసటి యేట బేయర్న్ మ్యూనిక్ పిలిచి తీసికొనెను. బేయర్న్ ఆ యేడు జర్మను విజేతయైనను ఆయనకు అదనపు ఆటగాని స్థానమే తఱచు దక్కినది. కూర్చుండి పతకము పొందుటకంటె నిలిచి ఆడుటయే మేలని తలచి 1999లో బెర్లినులోని హెర్తా జట్టునకు మారెను. ఆ శరత్తున ఛాంపియన్స్ లీగులో చెల్సీని హెర్తా 2-1గా ఓడించినప్పుడు రెండు గోల్సును ఆయనవే. మిలాను నగరమున ఏసీ మిలానుపై కొట్టిన గోలుతో ఆట 1-1గా ముగిసినది. ఆ సంవత్సరపు ఆసియా ఉత్తమ క్రీడాకారుడుగా ఆయననే ఎన్నుకొనిరి. అయినను అప్పటికి ముప్పది యేండ్లు. ఐరోపా గడప తొక్కుట ఇరువది యెనిమిదవ యేట సంభవించినవానికి, ఇరువదవ యేటనే సంభవించియుండినచో ఏమయ్యెడిదో యని ఊహించుట నావంటి అభిమానికి తప్పని వ్యథ.

ఐరోపా వేదికపై పేరు నిలచినను, ఆయనను శాశ్వతుని చేసినది దేశపు చొక్కాయే. హంగరీ మహావీరుడు ఫెరెంక్ పుష్కాషు తన దేశమునకు 84 గోల్స్ కొట్టెను. 2003 నవంబరులో లెబనానుపై కొట్టిన గోలుతో దాయీ ఆ సంఖ్యను దాటెను. మరుసటి నవంబరున టెహరానులో లావోసు జట్టుపై నాలుగు గోల్స్ కొట్టి నూఱు మైలురాయిని గడచెను. చివరకు లెక్క 109 వద్ద ఆగినది. ఒక ఆటను పరిగణింపక 108 అనువారును కలరు. ఈ గోల్సులో చాలభాగము దుర్బలమైన జట్లపై కొట్టినవని ఆక్షేపించువారి మాటలో కొంత నిజము లేకపోలేదు. మాల్దీవులు, లావోసు వంటి జట్ల ముంగిట ఆయన గోల్స్ రాశిపోసెను. కాని కొరియా, జపాను దేశములపై కొట్టినవియు ఆ లెక్కలోనివే కదా. అర్హత పోటీల పట్టికను వేసినవారు ఆయన కారు. ఎదురైన ప్రత్యర్థిని ఎదిరించుటయే ఆటగాని ధర్మము. ఆసియా కప్పులో ఆయన మొత్తము 14 గోల్స్ నేటికిని శిఖరమే.

దేశము తరఫున అత్యధిక గోల్స్ అను ఆయన ప్రపంచ రికార్డు దాదాపు పదునెనిమిదేండ్లు నిలిచెను. 2021 జూన్ 23న పోర్చుగీసు వీరుడు క్రిస్టియానో రొనాల్డో ఫ్రాన్సుపై రెండు పెనాల్టీలతో 109కి చేరినది బుడాపెస్టులో, పుష్కాషు పేరు పెట్టిన క్రీడాంగణముననే. సెప్టెంబరు ఒకటిన ఐర్లండుపై తలతో కొట్టిన రెండు గోల్సుతో ఆయన దాయీని దాటిపోయెను. దాయీ మనస్ఫూర్తిగా అభినందించెను.

2006 జర్మనీ ప్రపంచ కప్పు నాటికి దాయీకి ముప్పది యేడేండ్లు. జట్టు నాయకుడు ఆయనే. శిక్షకుడు బ్రాంకో ఇవాంకోవిచ్ ఆయనను విడువజాలడు. పత్రికలు మాత్రము ఇంకెన్నాళ్ళని అడుగుచుండెను. మెక్సికో చేతిలో 1-3తో ఓడిన దినమున ఆ విమర్శ మఱింత తీవ్రమైనది. లీప్జిగులో అంగోలాతో 1-1గా ముగిసిన ఆట దేశము తరఫున ఆయనకు చివరిది. తొలగిపోవలసిన వేళను ఆయన ఒకటి రెండేండ్లు దాటించెనని నేనును ఒప్పుకొందును. కాని ఆటను ఆలస్యముగా పొందినవాడు దానిని ఆలస్యముగా విడుచుటలో ఆశ్చర్యమేమి? మరుసటి యేట సైపా జట్టునకు తానే ఆటగాడును, తానే శిక్షకుడునై, ఆ జట్టును దేశవిజేతగా నిలిపి 2007 మే మాసమున బూట్లు విడిచెను. 2008లో జాతీయ జట్టు శిక్షకుడై, 2009 మార్చిలో ఆజాదీలో సౌదీ అరేబియా చేతిలో 1-2తో ఓడిన వెంటనే పదవి కోల్పోయెను. పెర్సెపోలిసునకు 2010, 2011లోను, నఫ్తె టెహరానునకు 2017లోను శిక్షకుడుగా, దేశవాళీ పోటీయగు హజ్ఫీ కప్పును గెలిపించెను.

2017 నవంబరున కెర్మాన్‌షా ప్రాంతమును భూకంపము కూల్చినప్పుడు, ప్రజలు తమ చందాలను పంపుటకు ఎన్నుకొన్న చేతులలో దాయీ చేతులొకటి. ఆయన పిలుపునందుకొని జనులు కుప్పలుగా ధనము పంపిరి. ఆయన స్వయముగా పోయి, ఇండ్లు కట్టించు పనికి పూనుకొనెను.

2022 సెప్టెంబరులో పోలీసు నిర్బంధమున మహ్సా అమీనీ అను యువతి మరణించి, దేశమంతట ఆందోళన చెలరేగినప్పుడు, ప్రజలను అణచుటకు మారుగా వారి కష్టములను తీర్చుడని దాయీ బహిరంగముగా వ్రాసెను. పరదేశమునుండి తిరిగివచ్చినప్పుడు ఆయన పాసుపోర్టును అధికారులు తీసికొని కొన్ని దినములకు తిరిగి యిచ్చిరి. కతారు ప్రపంచ కప్పునకు వచ్చిన ఆహ్వానమును ఆయన తిరస్కరించెను. డిసెంబరులో టెహరానునందలి ఆయన దుకాణమునకును, భోజనశాలకును ముద్రలు వేసిరి. ఆ నెల 26న ఆయన భార్యయు కుమార్తెయు ఎక్కిన దుబాయి విమానమును నడిదారిని కీషు ద్వీపమున దింపి, వారిరువురిని దిగజేసిరి. తనకును తన కుటుంబమునకును బెదిరింపులు వచ్చుచున్నవని ఆయన దాచలేదు. మానవత్వమును, మానమును, దేశభక్తిని, స్వాతంత్ర్యమును తనకు నేర్పిరనియు, ఇట్టి బెదిరింపులవలన బెదిరించువారికి ఒరుగునదేమనియు తిరిగి ప్రశ్నించెను.